వానకు మ్యాన్‌హోల్ పొంగకుండా: తిరుపతిలో యూజీడీని, వాననీటి కాలువలను సిద్ధం చేసే క్రమం

వాన పడిన మర్నాడు అందరూ అడిగేది ఒకటే: "మా వీధిలో మ్యాన్‌హోల్ పొంగింది, ఇప్పుడేం చేయాలి?" ఆ రోజు చేయగలిగింది చాలా తక్కువ. అసలు పనంతా గంగజాతర అయిపోయిన దగ్గర్నుంచి బ్రహ్మోత్సవాల లోపు జరగాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బ్రహ్మోత్సవాల జనం, ఈశాన్య వానలు ఇంచుమించు ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి పైపులో మురుగు ఎక్కువగా ఉన్నప్పుడే పైన వాన కూడా దంచుతుంది.

పొంగే మురుగును పట్టి ఉంచే భారీ సొరంగాల గురించీ చాలామంది అడుగుతున్నారు. లండన్‌లో టైడ్‌వే సొరంగం 25 కిలోమీటర్ల పొడవు, 7.2 మీటర్ల వ్యాసం. షికాగోలో 1975లో పని మొదలుపెట్టి తవ్వినవి మొత్తం 109 మైళ్లు. వాననీరూ మురుగూ ఒకే పైపులో పారే పాత ఊళ్లకు అవి తప్పనిసరి. మన దగ్గర యూజీడీ (భూగర్భ మురుగు పైపులు) మురుగుకు, కాలువలు వాననీటికి అని విడివిడిగా కట్టుకున్నాం. కాబట్టి సొరంగం కోసం ఎదురుచూడక్కర్లేదు. వాళ్లు దాన్ని నడిపే పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది: వానకు ముందు ఖాళీ చేసి ఉంచడం, వానలో ఎంత రానివ్వాలో అదుపు చేయడం, వాన తగ్గగానే తోడేసి కడగడం. కింది క్రమం కూడా అదే. వార్డు ఇంజనీర్లు, పారిశుద్ధ్య సిబ్బంది, కాలనీ సంఘాలు, లాడ్జీల మేనేజర్లు ఎవరి భాగం వాళ్లు తీసుకోవచ్చు.

## 1. నీళ్లు ఎటు పోతాయో కాగితం మీద గీయండి

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. అలిపిరి, కపిలతీర్థం వైపు నుంచి నీళ్లు వేగంగా దిగుతాయి. ఊళ్లోకి వచ్చేసరికి వాలు తగ్గుతుంది, మధ్యలో రైల్వే కట్ట అడ్డం. ఆ కట్టను దాటే కల్వర్టులు, అండర్‌బ్రిడ్జిలే నీళ్లకు దారి. 2021 నవంబరు వరదలో కపిలతీర్థం నుంచి దూకిన నీళ్లు వీధుల్లో ఎలా పారాయో ఊరంతా చూసింది.

వార్డు మ్యాపు ఒకటి పెద్దగా ప్రింటు తీసుకుని వీటిని గుర్తించండి:

- ఎర్ర రంగుతో యూజీడీ లైన్లు, ప్రతి మ్యాన్‌హోల్ నంబరు, మురుగు పారే దిక్కు
- నీలం రంగుతో వాననీటి కాలువలు, వంకలు, పాత చెరువులకు పోయే సప్లై కాలువలు, చెరువుల మరవలు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోట్లు)
- ఎరుపు, నీలం ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా ఒక చుక్క
- నిటారు వాలు తగ్గి చదునయ్యే చోట ఒక గీత

చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. నిజానికి మ్యాపులో ముఖ్యమైనవి అవే. వేగంగా దిగిన మురుగు చదును దగ్గర నెమ్మదించి వెనక్కి తంతుంది, పైపులో ఇరుక్కున్న గాలి మూతను ఎగరేస్తుంది. ఎప్పుడూ ఒకే మ్యాన్‌హోల్ పొంగుతోందంటే తప్పు చాలాసార్లు ఆ మ్యాన్‌హోల్‌ది కాదు. దానికి కింద వైపు రెండు మూడు మ్యాన్‌హోళ్ల లోపు ఎక్కడో వెతకాలి.

చెరువు పూడ్చి కాలనీ వేసిన చోట పెద్దవాళ్లను అడగండి. పాత మరవ ఎక్కడుండేదో చెబుతారు. వాననీళ్లకు మాత్రం ఆ దారి ఇంకా గుర్తే.

## 2. వాననీరు మురుగు పైపులోకి దూరే చోట్లు పట్టుకోండి

దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. మిగతా పనులన్నీ సరిగ్గా చేసి దీన్ని వదిలేస్తే మళ్లీ పొంగుతుంది.

లెక్క చూడండి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అనుకుంటే రోజుకు 540 లీటర్లు. అదే ఇంటి డాబా 100 చదరపు మీటర్లు ఉండి, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే డాబా గొట్టం నుంచి దిగేది 5,000 లీటర్లు. అంటే తొమ్మిది రోజుల మురుగు ఒక్క గంటలో వచ్చి పడుతుంది. వీధిలో పది ఇళ్లవాళ్లు డాబా గొట్టాన్ని యూజీడీ ఛాంబర్‌లో కలిపితే ఆ పైపు ఎంత కొత్తదైనా తట్టుకోలేదు.

వాననీరు కలుస్తోందా లేదా. పంపింగ్ స్టేషన్ లాగ్‌బుక్ తెరవండి. ఎండరోజు పంపు 9 గంటలు, వాన పడిన రోజు 20 గంటలు తిరిగిందనుకుందాం. ఊళ్లో జనం అంతే ఉంటే తేడా 11 గంటలూ వాననీరే. పండగ రోజుల లెక్క విడిగా చూడండి, లేకపోతే భక్తుల రద్దీని వానగా పొరబడతారు.

ఏ ఇంటి నుంచి. అనుమానమున్న డాబా గొట్టంలో నీళ్లలో కరిగే ఆకుపచ్చ ఫ్లోరెసిన్ రంగు కలిపిన బకెట్టు నీళ్లు పోయండి. కింది మ్యాన్‌హోల్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. అక్కడ రంగు తేలితే ఇక వాదన ఉండదు.

వీధి మొత్తానికి. పొగ పరీక్ష త్వరగా తేలుతుంది. మ్యాన్‌హోల్ మీద బ్లోయర్ పెట్టి పొగ ఎక్కిస్తే కలిసిన ప్రతి డాబా గొట్టం నుంచీ, పగిలిన ప్రతి చోటు నుంచీ పొగ లేస్తుంది. టాయిలెట్ వెంట్ పైపు నుంచి పొగ రావడం మామూలే, దాన్ని తప్పుగా రాసుకోవద్దు. ఇంటి లోపల బాత్‌రూమ్ జాలీ నుంచి వస్తే అక్కడ ట్రాప్‌లో (జాలీ కింద నీళ్లు నిలిచే వంపులో) నీళ్లు ఎండిపోయాయని అర్థం. ముందురోజే వీధివాళ్లకు, అగ్నిమాపక కేంద్రానికి చెప్పండి. లేకపోతే ఫైరింజన్ వచ్చేస్తుంది.

సరిచేయడం. డాబా గొట్టాన్ని ఛాంబర్ నుంచి తీసి ఇంకుడు గుంతకో, వీధి కాలువకో మళ్లించాలి. కోసిన చోట యూజీడీ వైపు రంధ్రాన్ని సిమెంటుతో మూసేయాలి. గుడ్డ కుక్కి వదిలేస్తే నెలలో ఊడిపోతుంది. గల్లీ ట్రాప్ (ఇంటి బయట వాడకం నీళ్లు దిగే జాలీ గుంత) అంచు చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తుగా ఉండాలి. సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో ఈ అంచు రోడ్డుకన్నా కిందికి పోయి, వీధి నీళ్లన్నీ అందులోకే దిగుతుంటాయి.

నోటీసు ఇవ్వడం కంటే రంగు పరీక్ష ఇంటివాళ్ల కళ్లముందే చేయడం ఎక్కువ పనిచేస్తుంది. ఆకుపచ్చ నీళ్లు మ్యాన్‌హోల్‌లో చూశాక చాలామంది వాళ్లే ప్లంబర్‌ను పిలుస్తారు.

## 3. పూడిక: ముందు తోక, తర్వాత తల

వాననీటి కాలువైనా, యూజీడీ అయినా పూడికతీత కింది చివర నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైన ముందు తీస్తే వదిలిన చెత్తంతా వచ్చి కింద ఇరుక్కుంటుంది.

కాలువల్లో. ఇనుప కడ్డీ దించి పూడిక ఎంతుందో ప్రతి 30 మీటర్లకు కొలవండి. రాసుకోండి, ఫొటో తీయండి. కల్వర్టు కిందా, కాలువకు అడ్డంగా పోయే నీళ్ల పైపుల దగ్గరా ప్రత్యేకంగా చూడండి. ప్లాస్టిక్ కవర్లు, అరటాకులు, కొబ్బరి బొండాలు ఆగేది అక్కడే. పైన స్లాబు కప్పిన కాలువను పైనుంచి చూసి "క్లీన్" అని రాసేవాళ్లున్నారు. స్లాబు లేపకుండా పూడిక తీశామంటే నమ్మకండి.

తీసిన పూడికను గట్టుమీద కుప్పపోసి "ఆరాక ఎత్తుతాం" అంటారు. సాయంత్రం ఒక్క జల్లు పడితే సగం తిరిగి కాలువలోనే. ట్రాక్టర్ వచ్చాకే తవ్వడం మొదలుపెట్టండి.

యూజీడీలో. ఒత్తిడితో నీళ్లు చిమ్మే జెట్టింగ్ మిషన్ గొట్టాన్ని కింది మ్యాన్‌హోల్‌లో దించి, ప్రవాహానికి ఎదురుగా పైకి పంపాలి. గొట్టం కొనకు ఉన్న నాజిల్‌ను వెనక్కి లాగేటప్పుడు ఇసుక, జిడ్డు కింది మ్యాన్‌హోల్‌కు వస్తాయి. అక్కడ సక్షన్ గొట్టంతో పీల్చేయాలి. అక్కడ ఆపకపోతే అదంతా పక్క వీధికి పంపినట్టే.

- జెట్టింగ్‌కు ముందు ఇళ్లకు చెప్పి కమోడ్ మూతలు మూయించండి. ప్రెషర్ ఎక్కువైతే గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూముల్లో మురుగు చిమ్ముతుంది.
- పాత స్టోన్‌వేర్ పైపుల్లో ప్రెషర్ తక్కువతో మొదలుపెట్టండి, అతుకులు ఊడిపోతాయి.
- వేర్లు దూరిన చోట జెట్ చాలదు, వేర్లు కోసే నాజిల్ కావాలి. ఆ పైపును మార్చాల్సిన జాబితాలో రాయండి.
- బయట పడిన సామాను చూడండి. ఇసుక, కంకర వస్తే పైపు పగిలిందనో, రోడ్డు నీళ్లు దూరుతున్నాయనో అర్థం. తెల్లటి జిడ్డు గడ్డలు వస్తే పైన హోటల్ ఉంది.

శుభ్రమైందో లేదో అద్దంతో చూడొచ్చు. ఒక మ్యాన్‌హోల్‌లో బ్యాటరీ లైటు దించి, పక్క మ్యాన్‌హోల్‌లో కర్రకు కట్టిన అద్దం పట్టండి. వెలుగు నిండు చంద్రుడిలా కనిపిస్తే పైపు బాగుంది. సగమే కనిపిస్తే అడుగున పూడిక ఇంకా ఉంది, లేదా పైపు కుంగింది. మళ్లీ జెట్ కొట్టినా సగమే కనిపిస్తే కుంగినట్టే. కెమెరా దించి చూసి మరమ్మతుకు రాయాలి.

పైపు వ్యాసంలో పావు వంతు దాటి పూడిక ఉంటే ఆ లైన్‌ను ముందు వరసలోకి తెచ్చుకోండి. పైపులో మురుగు సెకనుకు 0.6 మీటర్ల వేగానికి తగ్గితే ఇసుక అడుగుకు చేరడం మొదలవుతుంది. చదును ప్రాంతాల్లో అందుకే ఏడాదికి ఒక్కసారి శుభ్రం చేస్తే చాలదు.

## 4. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకూడదు

రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించి శుభ్రం చేయించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. సీవర్ మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. "ఐదు నిమిషాల పనే కదా" అన్న మాట వినిపించిన చోట పని ఆపేయండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. వాసన లేదు కాబట్టి గ్యాస్ లేదనుకోవడం ప్రాణాంతకం. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దాటిందంటే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. అగ్గిపుల్ల గీసి చూడటం, దీపం దించి చూడటం మానేయండి. మీథేన్ ఉంటే అంటుకుంటుంది. పైన చెప్పిన అద్దం పరీక్షకు కూడా మంటలేని, మూసి ఉన్న బ్యాటరీ లైటే వాడాలి.

మూత తీసి పైనుంచి పనిచేసేటప్పుడు కూడా:

- పైన, కింద పక్క మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తెరిచి గాలి ఆడనివ్వండి
- చుట్టూ బారికేడ్, రాత్రైతే లైటు పెట్టండి
- గ్యాస్ మీటర్‌ను తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడండి
- ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు, మండే గ్యాస్ అంటుకునే కనీస హద్దులో 10 శాతం లోపు ఉండాలి
- ఎవరైనా లోపల పడిపోతే వెనకాల దూకవద్దు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో మనిషి, మూడో మనిషి పోయేది అలాగే. 101కి, 108కి ఫోన్ చేయండి, బ్లోయర్‌తో గాలి పంపండి

ఎవరైనా మనిషిని దించుతున్నట్టు చూస్తే 14420కి చెప్పవచ్చు.

## 5. లాడ్జీలు, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు

బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లైన్లు ఊళ్లో మిగతా లైన్లలాంటివి కావు. రాత్రి రెండింటికీ స్నానాలు జరుగుతూనే ఉంటాయి. షాంపూ ప్యాకెట్లు, సబ్బు కవర్లు బాత్‌రూమ్ జాలీ దాటకుండా చూడటం లాడ్జి పనే. జాలీ తీసేసి నీళ్లు తోసేసే అలవాటును రూమ్‌బాయ్‌లతో మాన్పించండి.

హోటల్ వంటింటి నీళ్లు జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ తొట్టి గుండానే పోవాలి. జిడ్డు, అడుగు మడ్డి కలిపి ట్రాప్‌లో పావు వంతుకు వచ్చాయంటే తీసేయాలి. వేడినీళ్లు పోసి జిడ్డు కరిగించడం మరమ్మతు కాదు. అది నాలుగు మ్యాన్‌హోళ్ల అవతల గడ్డకడుతుంది.

సెల్లార్‌లో టాయిలెట్ ఉన్న అపార్ట్‌మెంట్లు బయటి లైన్ మీద వెనక్కి రానివ్వని వాల్వ్ పెట్టించుకోవాలి, వానాకాలానికి ముందు విప్పి కడగాలి. సెల్లార్‌లో చేరిన వాననీటిని తోడే పంపు నీళ్లను యూజీడీలో కలపకండి. వీధి కాలువలోకి పంపండి.

## 6. పంపింగ్ స్టేషన్

- ప్రతి పంపునూ, స్టాండ్‌బైని కూడా, నిజంగా మురుగు తోడిస్తూ గంటసేపు నడపండి. ఉత్తగా స్టార్ట్ చేసి ఆపితే ఏమీ తెలియదు
- ఆంపియర్లు నేమ్‌ప్లేట్ కన్నా ఎక్కువ చూపిస్తే ఇంపెల్లర్‌కు (పంపులో నీటిని తోసే రెక్కల చక్రానికి) గుడ్డపీలికలు చుట్టుకున్నాయేమో చూడండి. బాగా తక్కువైతే సక్షన్ వైపు అడ్డు, గాలి, లేదా ఇంపెల్లర్ అరుగుదల
- పంపు ఆపగానే పైపులో నీళ్లు వెనక్కి వచ్చి పంపు ఎదురు తిరిగితే నాన్ రిటర్న్ వాల్వ్ పోయింది
- ఫ్లోట్ స్విచ్ కడగండి. జిడ్డు పట్టిన ఫ్లోట్ లేవదు, నీళ్లు నిండినా పంపు ఆన్ కాదు
- డీజీ సెట్‌ను (డీజిల్ జనరేటర్‌ను) లోడ్ మీద నడపండి. ఒక రాత్రికి సరిపడా డీజిల్ స్టేషన్‌లోనే ఉండాలి
- ప్యానెల్ బోర్డు గత వరద గుర్తు కన్నా పైన ఉందో లేదో చూడండి. లేకపోతే మిగతా జాబితా అంతా వృథా
- వెట్ వెల్ (పంపు తోడే ముందు మురుగు చేరే బావి) గోడ మీద మూడు గీతలు వేయండి: మామూలు, జాగ్రత్త, ప్రమాదం

వెట్ వెల్ అడుగున పేరుకున్న ఇసుకను సక్షన్‌తో తీయించండి. అడుగు ఇసుక ఉంటే వెట్ వెల్‌లో నీళ్లు నిలిచే చోటు ఆ మేరకు తగ్గిపోయినట్టే.

## 7. వాన కురుస్తున్నప్పుడు

వాతావరణ శాఖ భారీ వాన హెచ్చరిక ఇవ్వగానే వెట్ వెల్‌ను కింది గీత దాకా తోడేయండి. జల్లెడలు కడిగేయండి.

వాన మొదలయ్యాక పంపులన్నీ ఒకేసారి ఆన్ చేయాలనిపిస్తుంది. చేయకండి. ముందు కింది స్టేషన్‌కు, తూకివాకం ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి కేంద్రానికి) ఫోన్ చేసి అక్కడ చోటు ఉందో లేదో కనుక్కోండి. కింద నిండి ఉండగా మీరు తోడితే మీ వీధి ఖాళీ అయి వాళ్ల వీధి పొంగుతుంది. కొండ వైపు స్టేషన్లు కాస్త ఆపి, చదునులో ఉన్నవి ముందు తోడటం మంచిది.

వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు ఎవరో ఒకరు గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. సాయం చేస్తున్నామనే అనుకుంటారు. రెండు ప్రమాదాలు: ఆ నీళ్లన్నీ కింది వీధిలో మురుగుతో కలిసి లేస్తాయి, మురికి నీళ్ల కింద నోరు తెరిచిన గుంత ఎవరికీ కనిపించదు. మూతలకు లాక్ పెట్టండి. పొరపాటున తెరిచి ఉంటే మూసేదాకా అక్కడ ఒక మనిషి నిలబడాలి. చెట్టుకొమ్మ గుచ్చి వదిలేస్తే చాలదు.

అండర్‌బ్రిడ్జిలో అడుగు లోతు నీళ్లు చేరకముందే గేటు వేయించండి. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జిలో వాహనం నీళ్లలో చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. బయటి ఊళ్ల డ్రైవర్లకు అక్కడ ఎంత పల్లమో తెలియదు, కాబట్టి బోర్డు చాలదు. గొలుసో, గేటో ఉండాలి. అది వేసే మనిషి పేరు ముందే రాసి ఉండాలి.

## 8. వాన తగ్గాక మొదటి రెండు రోజులు

ముందుగా గుర్తులు చూడండి. మ్యాన్‌హోల్ మూత తీసి టార్చి వేస్తే లోపలి ఇనుప మెట్ల మీద షాంపూ ప్యాకెట్లు, టిష్యూ ముక్కలు అతుక్కుని ఉంటాయి. ఎక్కడిదాకా అతుక్కున్నాయో నీళ్లు అక్కడిదాకా లేచాయి. పైనుంచి ఎన్నో మెట్టో మ్యాపులో రాయండి. మర్నాటికి ఎండి రాలిపోతాయి కాబట్టి అదే రోజు చూడాలి. ఈ లెక్క నాలుగైదు వానలకు రాసుకుంటే అడ్డు ఏ రెండు మ్యాన్‌హోళ్ల మధ్య ఉందో దానంతట అదే బయటపడుతుంది.

తర్వాత తోడటం, కడగడం. వెట్ వెల్‌లోనూ, పల్లపు లైన్లలోనూ నిలిచిన నీటిని కుళ్లకముందే తోడేయండి. ఆలస్యమైతే ఇసుక గట్టిపడుతుంది, గ్యాస్ పెరుగుతుంది. పొంగిన వీధుల్లో ముందు మట్టి ఎత్తి, నీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ చల్లాలి. బురద మీద చల్లిన బ్లీచింగ్ బురదలోనే పోతుంది.

తాగునీటి పైపు మీదుగానో, పక్కగానో మురుగు పొంగిన ప్రతి వీధిలో చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ చూడండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అసలు కనిపించకపోతే ఎక్కడో పైపులోకి మురుగు లాగుతోంది. ఆ లైన్ ఆపి ట్యాంకర్ పంపండి, లీకు దొరికి క్లోరిన్ మళ్లీ కనిపించేదాకా సరఫరా ఇవ్వకండి. ఈలోపు ఆ వీధివాళ్లను నీళ్లు కాచి తాగమనండి. కాలువలో మునిగి ఉన్న కుళాయి కనెక్షన్లు వార్డులో ఎన్ని ఉన్నాయో అప్పుడే లెక్కపెట్టి, వాటిని కాలువ బయటికి మార్చే పనిని వచ్చే మే జాబితాలో మొదట రాయండి.